నవ్వులు పంచిన జానీ

నాందేడ్ నుండి ముంబయికి దేవగిరి రైలులో వెళ్లినవారు ఈ దృశ్యం చూసే ఉంటారు. బండి ముంబయి దగ్గరకు వచ్చేసరికి పెన్నులు, దువ్వెనలు, తాళంచెవుల గొలుసులు అమ్మేవాళ్లు ఒకరి వెనుక ఒకరు పెట్టెలోకి ఎక్కుతారు. అందరి చేతిలోనూ ఉండే సరుకు ఒకటే, ధర కూడా ఇంచుమించు ఒకటే. అయినా ఒకని సంచి త్వరగా ఖాళీ అవుతుంది, ఇంకొకని సంచి బరువు తగ్గదు. తేడా అంతా గొంతులో ఉంటుంది.

1970 ప్రాంతంలో బొంబాయి వీధులలో పెన్నులు అమ్మిన ఒక తెలుగు కుర్రవాడు ఈ కిటుకు పట్టుకొన్నాడు. తన గొంతుతో కాక హిందీ సినిమా నటుల గొంతులతో పెన్నులు అమ్మడం మొదలుపెట్టాడు. ఒక పెన్ను ఒక నటుడు అమ్మినట్లు, రెండవ పెన్ను మరొక నటుడు అమ్మినట్లు మాట్లాడేవాడు. మధ్యలో వారి నడక నడిచేవాడు, వారి పాటలకు చిందులు వేసేవాడు. వినడానికి నిలబడినవాళ్లు నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టేవారు. ఆ కుర్రవాని పేరు జనుమల జాన్ ప్రకాశరావు. దేశమంతా ఆయనను జానీ లీవర్ అని పిలుస్తుంది.

జాన్ 1957 ఆగస్టు 14న కనిగిరిలో జన్మించాడు. కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినపుడు అందులో చేరింది. వానలు తక్కువ, మెట్ట నేల. అక్కడి కుటుంబాలెన్నో పొట్ట చేతపట్టుకొని దూరప్రాంతాలకు వలస వెళ్లాయి. జాన్ తండ్రి బొంబాయిలోని హిందుస్థాన్ లీవర్ కర్మాగారంలో ఆపరేటరుగా పనిచేసేవాడు. వారి కాపురం కింగ్స్ సర్కిల్ ప్రాంతంలోని పేదల బస్తీలో. దాదరు స్టేషనులో దిగితే ఆ చోటు ఎంతో దూరం కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ, పక్కగుడిసెల్లో తమిళం, తుళు. ఇన్ని భాషల మధ్య పెరగడం ఎలా ఉంటుందో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇంట్లో ఒక మాట, బజారులో ఒక మాట, బడిలో ఒక మాట మాట్లాడే పిల్లల చెవి మిగిలినవారి చెవికంటె చురుకుగా ఉంటుంది. ఎవరు ఏ పదాన్ని ఎక్కడ సాగదీస్తారో, ఎక్కడ మింగుతారో అది ఇట్టే పసిగడుతుంది. జాన్ చెవి అటువంటిది.

బడి కూడా తెలుగువారిదే. ముంబయిలో స్థిరపడిన తెలుగువారు తమ పిల్లలకోసం నెలకొల్పుకొన్న ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలో ఏడవ తరగతి వరకు చదివాడు. ఆపైన చదువు సాగలేదు. తండ్రికి జీతం లేక కాదు. ఆ జీతం ఇల్లు చేరేలోగా సారాయి కొట్టు దారిలో అడ్డువచ్చేది. ఈ సంగతి జానీ లీవరే పెద్దయిన తరువాత దాపరికం లేకుండా చెప్పారు. బడి మానేశాడని తెలిసి తరగతి ఉపాధ్యాయురాలు కబురు పెట్టారట, ఫీజు తానే కడతానని అన్నారట. కాని ఇంట్లో జాన్‌ది పెద్ద కొడుకు స్థానం. ముగ్గురు చెల్లెళ్లు, ఒక తమ్ముడు. ఆ అమ్మగారి మాటను ఆయన ఇన్నేళ్లూ మరచిపోలేదు కాని ఆనాడు మాత్రం పుస్తకాల సంచి బదులు పెన్నుల సంచే భుజాన వేసుకొన్నాడు.

కొంతకాలం హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురాలో కూడా ఉన్నాడు. అక్కడి దక్కనీ ఉర్దూ పలుకుబడిలోని చమత్కారం అతని హాస్యానికి ఒక కొత్త రుచి ఇచ్చింది. నాందేడ్ బజారులో వినిపించే ఉర్దూకు అది దగ్గరి చుట్టమే.

ఒకరిని చూసి వారిలాగ మాట్లాడి నవ్వించడం మన నేలకు కొత్త కాదు. తెలుగునాట పగటివేషగాళ్లు, మరాఠ్వాడాలో బహురూపులు తరతరాలుగా చేస్తున్నది ఆ పనే. తాసిల్దారు వేషం, పోలీసు వేషం వేసి ఊరివారిని కాసేపు నిజమేనని భ్రమింపజేసి, తరువాత నవ్వించి, దోసెడు జొన్నలు పెట్టించుకొని వెళ్లేవారు. వరంగల్లుకు చెందిన నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) ఆ విద్యను వేదిక మీదికి తెచ్చి ధ్వన్యనుకరణకు ఒక కళగా గౌరవం సంపాదించి పెట్టారు. జాన్‌కు గురుకులం లేదు, బిరుదులు లేవు. రోజూ నూటికి తొంభైమంది ఆగకుండా వెళ్లిపోయే రోడ్డు అతనికి పాఠశాల అయింది. ఆగనివాణ్ణి ఆపగలిగితేనే ఆ పూట భోజనం.

కొంచెం పెద్దవాడయ్యాక తండ్రి పనిచేసే కర్మాగారంలోనే కూలిగా చేరాడు. ఆరేళ్లపాటు బరువైన డ్రమ్ములు మోశాడు. పని మధ్య విరామంలో తోటి కార్మికులను చుట్టూ కూర్చోబెట్టుకొని నవ్వించేవాడు. ఒకసారి కంపెనీలో ఉత్సవం జరిగింది. జాన్ వేదిక ఎక్కి పెద్ద పెద్ద అధికారులను, వారు ఎదురుగా కూర్చొని ఉండగానే, వరుసగా అనుకరించాడు. కార్మికులు పడిపడి నవ్వారు. అధికారులు కూడా నవ్వారు, అది అతని అదృష్టం. ఆ రోజునుండి “నీవు జాన్‌వి కాదు, జానీ లీవర్‌వి” అని తోటివారే పేరు మార్చేశారు. ఆ కంపెనీ పేరు 2007లో హిందుస్థాన్ యూనిలీవర్ అయింది. కార్మికులు పెట్టిన పేరు మాత్రం మారలేదు.

పగలు కర్మాగారం, సాయంత్రం వేదిక. సంగీత దర్శకులు కల్యాణ్‌జీ, ఆనంద్‌జీ సోదరుల బృందంలో చోటు దొరికింది. పాటకూ పాటకూ మధ్య ప్రేక్షకులను కదలకుండా కూర్చోబెట్టడం ఆయన పని. వేదిక మీద రాబడి పెరగగానే 1981లో కర్మాగారం పని విడిచిపెట్టారు. ఆయన సోదరి మరణించిన రోజున కూడా ఒక కార్యక్రమం ఉంది. ముందే ఒప్పుకొన్నది, మానడానికి వీలులేదు. ఇంట్లో అందరూ ఏడుస్తుండగా ఎవరికీ చెప్పకుండా బయటపడి, వెళ్లి నవ్వించి వచ్చారు. ఇది గొప్పతనమా, గత్యంతరం లేకపోవడమా అని అడిగితే రెండవదే నిజమనిపిస్తుంది. నవ్వించేవాని దుఃఖానికి సెలవుదినం ఉండదు.

ఒక ప్రదర్శనలో నటుడు సునీల్ దత్ ఆయనను చూశారు. తాను తీస్తున్న ‘దర్ద్ కా రిష్తా’ చిత్రంలో వేషం ఇచ్చారు. ఆ చిత్రం 1982లో విడుదలయింది. దాని వెనుక ఒక విషాదం ఉంది. సునీల్ దత్ భార్య, ప్రఖ్యాత నటి నర్గీస్ క్యాన్సరుతో బాధపడి, న్యూయార్కులోని స్లోన్ కెట్టరింగ్ ఆసుపత్రిలో చికిత్స పొంది, చివరికి 1981 మే 3న మరణించింది. క్యాన్సరు సోకిన ఒక బాలిక కథను సునీల్ దత్ మరుసటి ఏడాది చిత్రంగా తీశారు. ఆ ఆసుపత్రి పేరు గుర్తుంచుకోండి. జానీ జీవితంలో అది మళ్లీ వస్తుంది.

ఆ తరువాత పదేళ్లు చిన్న చిన్న వేషాలు. 1986లో సినీపరిశ్రమవారు జరిపిన ‘హోప్ 86’ అనే సహాయ కార్యక్రమంలో ఖాళీ సమయం నింపడానికి ఆయనను వేదిక మీదికి పంపారు. కాసేపటికోసం ఎక్కినవాడు ఆ వేదికను తనది చేసుకొన్నాడు. అది చూసిన ఒక నిర్మాత ‘జల్వా’ (1987) చిత్రంలో వేషం ఇచ్చాడు. 1993లో ‘బాజీగర్’ వచ్చింది. అందులో మతిమరుపు నౌకరు బాబూలాల్ పాత్రను ప్రేక్షకులు ఎంతగా ఇష్టపడ్డారంటే ఇక ఆయన లేని హిందీ చిత్రం అరుదయింది. సంభాషణలు చాలావరకు అక్కడికక్కడే అల్లుకొన్నవి. పెన్నులు అమ్మిన రోజుల చాతుర్యం అక్కడ పనికివచ్చింది. ‘దీవానా మస్తానా’, ‘దుల్హే రాజా’ చిత్రాలకు 1998లోను, 1999లోను వరుసగా ఫిలింఫేర్ ఉత్తమ హాస్యనటుని బహుమతి ఆయనకే లభించింది.

ఇల్లు మారింది, కారు వచ్చింది, విదేశాల నుండి పిలుపులు వచ్చాయి. వాటితోపాటు మరొకటి కూడా ఇంట్లోకి వచ్చింది. చిన్ననాడు తన చదువును మింగిన మద్యమే అది.

2024లో ఒక సుదీర్ఘమైన సంభాషణలో జానీ లీవర్ ఆ రోజుల గురించి చెప్పారు. తాను తాగుడుకు బానిసనయ్యానని స్వయంగా ఒప్పుకొన్నారు. చౌపాటీ సముద్రపు ఒడ్డున కూర్చొని తెల్లవారుజామున నాలుగు గంటల దాకా తాగేవారట. గస్తీ తిరిగే పోలీసులు వచ్చేవారు. ఎవరో తాగుబోతు అనుకొని దగ్గరకు వచ్చి, ముఖం చూడగానే “అరే, జానీ భాయ్!” అని సంతోషించేవారు. ఎవరికంటా పడకుండా తమ బండిలోనే కూర్చోబెట్టేవారు. వారిది అభిమానమే, అందులో సందేహం లేదు. కాని అదే ఒడ్డున తాగి కూర్చొన్నవాడు పేరులేని కూలివాడైతే ఒక రాత్రి ఠాణాలో గడిపి, తెల్లవారి సిగ్గుతో ఇల్లు చేరేవాడు. పేరున్నవానికి ఆ సిగ్గు కూడా దక్కకుండా పోయింది. అడ్డుచెప్పేవాడు చుట్టుపక్కల ఎవడూ మిగలకపోవడం కీర్తివల్ల వచ్చే పెద్ద నష్టం.

తండ్రి తాగుడువల్ల అన్ని కష్టాలు పడినవాడు మళ్లీ అదే గోతిలో ఎలా పడ్డాడని మీకు అనుమానం రావచ్చు. వైద్యులు ఈ ప్రశ్నను లోతుగా పరిశీలించారు. తాగుడుకు బానిస అయినవారి పిల్లలకు ఆ ప్రమాదం ఇతరులకంటె ఎక్కువగా ఉంటుంది. కొంత రక్తంలో వస్తుంది, కొంత చూసి పెరగడంవల్ల వస్తుంది. అయితే అది తప్పించుకోలేని తలరాత కాదు. అటువంటి ఇళ్లలో పెరిగి చుక్క ముట్టనివాళ్లు ఎందరో ఉన్నారు. మద్యం నేరుగా మెదడు మీద పనిచేసే పదార్థం. రోజూ తాగేవాని మెదడు దానికి అలవాటుపడుతుంది. మొదట ఒక గ్లాసుతో కలిగిన మత్తుకు తరువాత మూడు గ్లాసులు కావలసి వస్తాయి. ఒకరోజు మానితే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర రాదు. ఆ బాధ పోవడానికి మళ్లీ తాగుతాడు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని వ్యాధుల జాబితాలో చేర్చింది. ఎక్కువగా, చాలాకాలంగా తాగేవారు ఒక్కసారిగా మానితే మూర్ఛలు కూడా రావచ్చు. కనుక మానడం కూడా వైద్యుని సలహాతో జరగవలసిన పనే. “మొండిగా మానేస్తే సరి” అని ఊళ్లో పెద్దలు ఇచ్చే సలహా మంచి మనసుతో ఇచ్చినదే కాని అన్ని వేళలా క్షేమం కాదు.

మానలేకపోయినవారి కథలు కూడా మనకు ఉన్నాయి. కస్తూరి శివరావు 1949లో వచ్చిన ‘గుణసుందరి కథ’తో ఎంతటి పేరు తెచ్చుకొన్నాడంటే ఆయన వస్తున్నాడని తెలిస్తే జనం విరగబడేవారు. హాస్యనటుడే చిత్రానికి నాయకుడు కావడం ఆనాడు పెద్ద విశేషం. మరుసటి సంవత్సరమే సొంతంగా చిత్రం తీసేంత ధనం చేరింది. ఆ వెంటనే తాగుడు, అప్పులు. 1966లో ఆయన మరణించే నాటికి చేతిలో ఏమీ మిగలలేదు. అమెరికాలో ‘మోర్క్ అండ్ మిండీ’ (1978–82) అనే టెలివిజన్ హాస్యధారావాహికతో ఒక్కసారిగా పైకి వచ్చిన రాబిన్ విలియమ్స్ మద్యాన్ని, మత్తుమందును వదలి ఇరవై ఏళ్లు నిలబడి, తిరిగి మద్యం ముట్టి, 2006లో మళ్లీ చికిత్సకు వెళ్లవలసి వచ్చింది. ఈ వ్యాధి ఒకసారి జయించి మరచిపోయేది కాదు.

జానీ ఇంట మలుపు మరొక విధంగా వచ్చింది. చిన్నవాడైన కుమారునికి మెడ భాగంలో కణితి ఏర్పడింది. ఇక్కడి వైద్యులు శస్త్రచికిత్స ప్రమాదకరమని వెనుకాడారు. చూపు పోవచ్చు, కాళ్లుచేతులు పడిపోవచ్చు అన్నారు. తండ్రి దిక్కుతోచక తిరిగారు. కార్యక్రమాల కోసం అమెరికా వెళ్లినపుడు అక్కడి ఒక మతగురువు, నర్గీస్‌కు చికిత్స జరిగిన ఆసుపత్రికి తీసుకువెళ్లమని సలహా ఇచ్చారు. అదే స్లోన్ కెట్టరింగ్. తన మొదటి చిత్రానికి మూలమైన దుఃఖం ఏ ఆసుపత్రిలో మొదలయిందో, ఆ ఆసుపత్రి గుమ్మంలో ఆయన ఇప్పుడు తండ్రిగా నిలబడ్డారు. అక్కడి వైద్యులు శస్త్రచికిత్స చేసి కణితిని తొలగించారు. పిల్లవాడు బ్రతికాడు, ఆరోగ్యవంతుడయ్యాడు.

ఆ ఆపదకాలంలో జానీ ప్రార్థన వైపు మళ్లారు, పాత జీవితం పట్ల ఏవగింపు కలిగిందని చెప్పుకొన్నారు. 2024 నాటికి తాను మద్యం మానివేసి ఇరవై నాలుగేళ్లయిందని కూడా చెప్పారు. లెక్క వేస్తే అది 2000 ప్రాంతమవుతుంది. అంటే కీర్తి శిఖరాన ఉన్నపుడే మానారన్నమాట. ఈ మాట గమనింపదగినది. వేషాలు పోయి, డబ్బు పోయి గత్యంతరం లేక మానినవారు కారు.

వేషాలు తగ్గడం ఆ తరువాత జరిగింది. దానికి కారణం ఆయన తప్పు కాదు, కాలం. 2000 తరువాత హిందీ చిత్రాలలో నాయకులే హాస్యం కూడా చేయసాగారు. హాస్యనటునికోసం వేరుగా సన్నివేశాలు వ్రాసే రచయితలు కరవయ్యారు. తాను నటించిన సన్నివేశాలను, ప్రేక్షకులు ఎక్కువగా నవ్వుతున్నారనే కారణంతోనే, కొందరు కత్తిరించివేయించారని ఆయన నవ్వుతూనే చెప్పారు. వెనుకటి జానీ అయితే ఆ సాయంకాలం ఎటు నడిచేవారో ఊహించవచ్చు. ఈ జానీ అటు నడవలేదు. సినిమా పిలవకపోతే పాత చోటికి, వేదిక మీదికి వెళ్లారు. దేశదేశాల్లో ప్రదర్శనలు ఇచ్చారు. 2006లో జీ టీవీలో ‘జానీ ఆలా రే’ అనే కార్యక్రమం నడిపారు. ఆ పేరులోని ‘ఆలా రే’ మరాఠీ మాట అని మీకు తెలుసు. గణపతి ఊరేగింపుల్లో వినే కేకే అది.

మెల్లగా సినిమా కూడా మళ్లీ తలుపు తట్టింది. 2010లో ‘గోల్‌మాల్ 3’లో పప్పీ భాయ్ పాత్ర వచ్చింది. క్షణక్షణానికీ అన్నీ మరచిపోయే రౌడీ. బాజీగర్ నాటి మతిమరుపు నౌకరును ఎరిగినవారికి ఇది పాత స్నేహితుడు వేషం మార్చి వచ్చినట్లు తోచింది. 2015లో ‘దిల్‌వాలే’, 2017లో ‘గోల్‌మాల్ అగైన్’, 2019లో ‘హౌస్‌ఫుల్ 4’. ఆయన పుట్టిన నాటికి తల్లిదండ్రులైనా పుట్టని పిల్లలు ఆ చిత్రాలు చూసి నవ్వారు.

2017 చివర సబ్ టీవీలో ‘పార్ట్‌నర్స్’ అనే హాస్యధారావాహిక మొదలయింది. అందులో పోలీసు కమిషనరు పాత్ర ఆయనది. అప్పటికి అరవై ఏళ్లు. ధారావాహిక పని సినిమా పనివంటిది కాదు. రోజూ ఉదయం సమయానికి రావాలి, రోజూ కొత్త పాఠం ఒప్పజెప్పాలి, రోజూ నవ్వించాలి. రాత్రి నాలుగింటి దాకా సముద్రపు ఒడ్డున కూర్చొన్నవానివల్ల అయ్యే పని కాదు. చౌపాటీలో తనను బండిలో దాచిన పోలీసులను తలచుకొని ఆ కమిషనరు టోపీ పెట్టుకొనేటపుడు ఆయన నవ్వుకొన్నారో లేదో మనకు తెలియదు.

కుమార్తె జేమీ కూడా అదే వృత్తిలోకి వచ్చింది. ఇంగ్లాండులో పెద్ద చదువు చదివిన పిల్ల వేదిక ఎక్కుతానంటే మొదట తండ్రి ఒప్పుకోలేదు. ఆ దారిలోని ముళ్లు ఆయనకు తెలుసు. చివరకు ఇద్దరూ ఒకే వేదిక మీద ప్రదర్శనలు ఇవ్వసాగారు. ఆమె అనుకరించే గొంతులలో తండ్రి గొంతు కూడా ఒకటి.

మూడువందలకు పైగా చిత్రాలలో నటించిన తరువాత, 2023లో ‘అఫలాతూన్’ అనే చిత్రంతో జానీ లీవర్ మొదటిసారిగా మరాఠీ తెర మీద కనిపించారు. ఆ భాష ఆయనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేకపోయింది. కింగ్స్ సర్కిల్ వీధుల్లో, బడి మానేసిన పిల్లవాడుగా పెన్నులు పట్టుకొని తిరిగేటపుడే అది వచ్చేసింది.